రోబో గురువుగారికి వీడ్కోలు

ఫోను మోగే సమయానికి కొత్త కోడలు స్నానాల గది అద్దం ముందు అవస్థ పడుతోంది. అద్దం మీది ఆవిరిలో భర్త వేలితో ఒక పువ్వు గీసి వెళ్ళాడు. ఆ పువ్వు చెరగకూడదు, తన ముఖమూ కనబడాలి. పువ్వు రేకుల సందులోంచి ఒక కన్ను, అరముక్కు చూసుకుని బొట్టు పెట్టుకుంటుంటే మోగింది ఫోను.

"అమ్మా, లారీ వచ్చేసింది. రోబో దిగింది. పెట్టె గేటు దగ్గరే ఉంది," అన్నాడు షెడ్డు యజమాని. ఆ తరవాత గొంతు తగ్గించి, "నువ్వడిగిన రెండోది కూడా ఖాయం చేశాను. దానికి పని నేర్పేది మీ మావగారే. పొగలో వంగి చెయ్యక్కర్లేదు, కుర్చీలో కూర్చుని నేర్పమను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ పని ఆయనదే. సంతోషమేనా?" అన్నాడు.

సంతోషం అన్న మాట ఆమెకు చాలలేదు. చేతిలోని దువ్వెనతో సహా హాల్లోకి పరిగెత్తి, బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త చెవిలో సంగతంతా గుసగుసగా కుమ్మరించింది.

ఆ షెడ్డులో పెద్ద భవంతులకు కావలసిన ఉక్కు దూలాలు అతికి పంపిస్తారు. ఆమె అక్కడ ఇంజనీరు, మామగారు అక్కడే వెల్డరు. పాత వెల్డర్లు ఆమె రాకముందే ఒక్కొక్కరుగా తగ్గిపోయారు, ఆ వేడికీ పొగకీ కొత్తవాళ్ళు రావడం లేదు, దూలాలు మాత్రం అందరికీ నిన్నటికే కావాలి. రోబో కొనమని యజమాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఈమే. పెళ్ళయిన కొత్తలోనే భర్త ఒక్క మాట అడిగాడు: "రోబో వస్తే నాన్న ఏం చేస్తాడు?" షెడ్డు లేకపోతే ఆయన ఏం చేస్తాడో ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు. ఆయనైతే అసలే ఊహించలేదు. "మావయ్య చోటు పోనివ్వను. నాదీ పూచీ," అని ఆమె భర్త చేతిలో చెయ్యేసి చెప్పింది. ఇవాళ ఆ మాట నెగ్గింది.

"పద, నాన్నకి చెప్పేద్దాం," అని లేచాడు భర్త.

"వద్దండీ! ఇలాంటి కబురు ఇలా చెప్తారా ఎవరైనా? భోజనాల వేళ, అందరి ముందూ, సార్ చేతే చెప్పిద్దాం. మీరు కేకు పట్టుకుని, అత్తయ్యని తీసుకుని వచ్చేయండి."

"అమ్మ ఎందుకని అడిగితే?"

"షెడ్డులో ఫంక్షను, మావయ్యకి సంబంధించింది అనండి. అంతకంటే ఒక్క ముక్క బయటపెట్టారో, చూడండి మరి!"

ఆ ఒక్క ముక్క బయటపెట్టి ఉంటే ఆ రోజు అందరూ హాయిగా భోంచేసి ఉండేవాళ్ళు.

మామగారు ఎప్పుడూ ఫిట్టరు బాబాయ్‌తో కలిసి నడిచి వస్తారు. దూలం ముక్కల్ని కొలతకు అమర్చి బిగించేది ఫిట్టరు బాబాయ్, వాటిని అతికేది మామగారు. బాబాయ్ దారి పొడుగునా వాగుతూ, ఈయన ఊఁ కొడుతూ, భుజాలు రాసుకుంటూ వస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఆ జంట కంటే ముందే షెడ్డు చేరుకోవాలని కోడలు ఆ రోజు ఇంటి నుంచి త్వరగా బయలుదేరింది.

రోబోను నిలబెట్టడానికి సరైన చోటు మామగారిదే. మూడు పక్కలా మందపాటి తెరలు, నెత్తిన పొగ లాగే ఫ్యాను. ఎవరికీ అప్పగించకుండా తనే చున్నీ నడుముకు బిగించి ఊడ్చింది. ఆయన ఎత్తు పీట, పనిముట్ల పెట్టె బయట గోడవార చేర్చింది. చేతి తొడుగులు దులిపి మడత పెట్టింది. ఇక మిగిలింది వెల్డింగ్ మాస్కు. నుదుటి పట్టీకి అత్తగారు పాత గళ్ళ చొక్కా గుడ్డ కుట్టి పెట్టారు, చెమటకు కోసుకోకుండా. ఆ కుట్టు చూస్తే ఎందుకో ఆమెకు ముద్దొచ్చింది. నల్లద్దం చున్నీ చెంగుతో తుడిచి, ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసింది.

తలుపు పక్క పొడవాటి గోడకు ఇనపచువ్వ వంచి చేసిన కొక్కేలు వరసగా ఉన్నాయి. వాటికి పాత మాస్కులు గోడవైపు తిరిగి వేలాడుతున్నాయి. దుమ్ము పడకుండా ఎంత పద్ధతిగా పెట్టుకున్నారో అని ఆమె చాలాసార్లు మెచ్చుకుంది కూడా. చివర ఒక కొక్కెం ఖాళీగా ఉంది. మామగారి మాస్కును దానికి తగిలించి, మిగతావాటి లాగే గోడవైపు తిప్పి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకుని నవ్వుకుంది.

ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఆమె చేరాక షెడ్డు నుంచి ఎవరూ వెళ్ళలేదు. వయసు మళ్ళో, జబ్బు చేసో, ప్రాణం పోయో ఒక వెల్డరు మళ్ళీ రాకుండా వెళ్ళిపోయినప్పుడు అతని మాస్కును ఆ గోడకు తగిలిస్తారు. అతను తగిలించుకోకూడదు. అతని ఇంటి మనిషి ఒకరు వచ్చి తగిలించాలి. ఒకసారి గోడవైపు తిరిగిన మాస్కును ఎవరూ మళ్ళీ ముట్టుకోరు.

మొట్టమొదట చూసింది క్రేను నడిపే ఆయన. కప్పు కింద, గాలిలో ఒక చిన్న గదిలో కూర్చుని ఉంటాడు. షెడ్డులో ఏం జరిగినా ముందు అతనికి కనబడుతుంది, మరుక్షణం అందరికీ వినబడుతుంది. అందుకే అతన్ని ఆకాశవాణి అంటారు. ఆ రోజు మాత్రం అతను అరవలేదు. దూలాన్ని గాలిలోనే వదిలేసి, నిచ్చెన దిగి, గ్రైండరు పట్టే బక్కాయన దగ్గరికి వచ్చాడు.

"గోడ చూడు."

బక్కాయన గ్రైండరు ఆపేశాడు. "ఎవరిదది?"

"గళ్ళ గుడ్డ కనబళ్ళా? పెద్దాయనది."

"ఎవరు తగిలించారు?"

"కోడలే. పైనుంచి నా కళ్ళారా చూశా. నవ్వుతూ తగిలించింది."

"నవ్వుతూనా?"

"చదువుకున్నవాళ్ళు పైకి ఏడవరురా. లోపల్లోపలే కుమిలిపోతారు."

"అయితే ఇంట్లో తెలిసిపోయిందంటావా..."

"నోర్ముయ్," అన్నాడు ఆకాశవాణి. ఆ మాట అతని నోట రావడం షెడ్డు చరిత్రలో అదే మొదలు.

మనుషులు పోగయ్యారు. పెద్దాయన్ని వట్టి చేతులతో ఎలా పంపిస్తాం అన్నారొకరు. మిగిలిపోయిన గొట్టాలున్నాయి, పట్టీలున్నాయి, వాలు కుర్చీ చేద్దాం అన్నారింకొకరు. తలా ఒక అతుకు వెయ్యాలి, పెద్దాయన కూర్చున్నప్పుడల్లా అందరం గుర్తుండాలి అని తీర్మానించారు. దూలాలు అతికే చేతులకు సన్నగా చేయడం చేతకాదు. ఏనుగు కూర్చున్నా కిక్కురుమనని కుర్చీ ఒకటి తయారవసాగింది.

రోబో పెట్టె విప్పిస్తున్న కోడలు నిప్పురవ్వలు చూసి ఇటు వచ్చింది. "ఎవరికిది?"

"పెద్దాయనకమ్మా. ఇక కూర్చోవాలిగా మరి," అన్నాడు బక్కాయన తల వంచుకుని.

ఆమె ముఖం వెలిగిపోయింది. కుర్చీలో కూర్చుని నేర్పమను అని యజమాని అన్నాడు కదా! అంటే ఈ కబురు అప్పుడే అందరికీ చేరిందన్నమాట. "మీకూ తెలిసిపోయిందా! ఆయనకి మాత్రం మధ్యాహ్నం దాకా చెప్పకండేం."

అందరూ పని ఆపి ఆమె వైపు చూశారు. "పెద్దాయనకి తెలీదా?"

"ఊహూఁ. నేనూ మావారూ కలిసి అనుకున్నాం. ముందు చెప్తే వద్దంటారేమోనని."

ఆకాశవాణి ముక్కు చీదుకుంటూ నిచ్చెనెక్కి పైకి పోయాడు.

అంతలో మామగారు, ఫిట్టరు బాబాయ్ వచ్చారు. గుమ్మం దాటగానే బాబాయ్ వాగుడు ఠక్కున ఆగిపోయింది.

"ఏంట్రా, ఆపేశావు?" అన్నారు మామగారు.

బాబాయ్ జవాబు చెప్పేలోగా కోడలు ఎదురు పరిగెత్తింది. "మావయ్యా! మీ చోటు ఖాళీ చేసేశాను. సామానంతా బయట పెట్టేశాను. మాస్కు గోడకి తగిలించాను!"

"ఏ గోడకమ్మా?"

"అదిగో, తలుపు పక్కన, చివరి కొక్కేనికి."

ఆయన అటు ముఖం తిప్పారు. "నువ్వే తగిలించావా?"

"నా చేత్తోనే! అద్దం కూడా తుడిచాను. బాగుందా?"

"మంచి పని చేశావమ్మా," అన్నారాయన. ఈ పాడు పని చెయ్యడానికి కంపెనీవాళ్ళు పసిపిల్లను ముందుకు తోశారే అని ఆయన మనసులో అనుకున్నది. ఆ పిల్ల నొచ్చుకోకూడదని పైకి అన్నది మాత్రం అంతే.

"మధ్యాహ్నం దాకా మీరేమీ అడక్కూడదు మరి!"

"అడగను తల్లీ."

ఆయన వెళ్ళి బయటున్న తన పీట మీద కూర్చున్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎటో చూస్తూ. ఆశ్చర్యపరచడం అంటే ఇదీ అని కోడలు మురిసిపోయింది.

తరవాత యజమాని వచ్చాడు. ఆయన ఎవరికీ ముఖం మీద లేదని చెప్పలేని మనిషి. గోడ మీద మాస్కు, బయట పీట మీద పెద్దాయన, అటు పక్క కుర్చీ. మూడూ చూసి ఆయన గుండె కరిగిపోయింది. యంత్రానికి గురువుగా ఉండటం ఇష్టంలేక, అభిమానంగల మనిషి, తనే తప్పుకున్నాడు!

"ఎంత పని జరిగిందమ్మా!" అన్నాడు కోడలితో.

"అవును సార్, పొద్దున్నే అంతా సర్దేశాను."

"పెద్దాయన ఏమంటారు?"

"ఏమీ అడగనన్నారు సార్."

"అడగనన్నారా... ఎంత గొప్ప మనిషమ్మా!" యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే మధ్యాహ్నం నేను రెండు మాటలు మాట్లాడాలేమో?"

"మీరే మాట్లాడాలి సార్! మీ నోట వింటేనే ఆయనకి తృప్తి."

యజమాని ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

భోజనాల వేళకు రోబో లేచి నిలబడింది. తెల్లటి నున్నటి చెయ్యి, మనిషి చెయ్యి లాగే భుజం, మోచెయ్యి, మణికట్టు, చివర వెల్డింగ్ గన్ను. కోడలికి దాని మణికట్టు పట్టుకుని కరచాలనం చెయ్యాలనిపించింది, చేసింది కూడా. అంతలో భర్త కేకు పెట్టెతో, అత్తగారు బీరువాలోంచి తీసిన మంచి చీర కట్టుకుని లోపలికి వచ్చారు. అత్తగారు గుమ్మంలోనే గోడ చూసి, పక్కనున్న దూలం మీద కూలబడ్డారు.

"నీకెప్పుడు తెలిసిందే?" అని కోడలి చెయ్యి పట్టుకున్నారు.

"పొద్దున్నే ఫోనొచ్చింది అత్తయ్యా. సారే చెప్పారు."

"ఆయనక్కూడా తెలుసా!" అని అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆనందబాష్పాలు అనుకుని కోడలు తనూ రెండు రాల్చింది.

కుర్చీని మోయడం మనుషుల వల్ల కాలేదు. క్రేను గొలుసులకు కట్టి, గాలిలో ఊగించుకుంటూ తెచ్చి మధ్యలో దించారు. మామగారు దాని చేతుల మీద, కాళ్ళ మీద వేళ్ళు పోనిచ్చారు. "ఇది బక్కోడిది, వీడికెప్పుడూ తొందరే. ఇది ఆకాశవాణిదేనా? నువ్వు కూడా దిగొచ్చి వేశావుట్రా? ఇదీ అతుకేనా, ఎండిన మట్టిముద్దలా ఉంది," అన్నారు. అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "ఎన్ని రోబోలొచ్చినా ఈ చేతికి సాటిరావు. ఈ ఊళ్ళో లేచిన ప్రతి కప్పు కిందా ఈయన అతుకు ఉంది," అన్నాడు. కోడలు చప్పట్లు కొట్టింది. "అలాంటి మనిషిని గురువుగా పెట్టుకోవాలని నేను ఆశపడ్డాను." ఇంకా గట్టిగా కొట్టింది. "కానీ ఆయన ఇవాళ తనంతట తనే మన దగ్గర సెలవు తీసుకుంటున్నారు."

కోడలి చేతులు ఒకదాన్నొకటి అందుకోకుండా గాలిలో ఆగిపోయాయి.

మామగారు లేచారు. "సార్ పంపిస్తున్నారు, నేను వెళ్తున్నాను. ఎవరి మీదా కోపం లేదు."

"నేను పంపడమేంటి?" అన్నాడు యజమాని. "మీరే కదా వెళ్తున్నది?"

"నేనెక్కడన్నాను? మీరే కదా మా కోడలి చేత మాస్కు తగిలించింది?"

"నేనా? మీరే ఇంటి మనిషి చేత తగిలించుకున్నారనుకున్నాను!"

"కోడలమ్మే చెప్పింది, తనూ వాళ్ళాయనా అనుకున్నామని," అని పైనుంచి వినబడింది.

అందరి తలలూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. ఆమె ముందు కొయ్యని కేకు ఉంది. "దుమ్ము పడుతుందని తగిలించానండీ..." అంది సన్నగా.

ఆ గోడ సంగతి ఫిట్టరు బాబాయ్ చెప్పాడు. ఆమె పొద్దున ఫోను దగ్గర్నుంచి అన్నీ ఏడుస్తూ ఏకరువు పెట్టింది. చివరికి వచ్చేసరికి యజమాని పక్కున నవ్వాడు. బక్కాయన కడుపు పట్టుకున్నాడు. మామగారు సైతం నవ్వారు, రెండు చేతులతో ముఖం తుడుచుకుంటూ. ఆమె పరిగెత్తుకెళ్ళి, ఎవరూ ముట్టకూడని మాస్కును పెరికి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇంకేం! ఇవాళే మొదలుపెట్టండి గురువుగారూ," అన్నాడు యజమాని. చప్పట్లు మోగాయి. పొద్దున కుర్చీ అతికేటప్పుడున్న ఊపు ఆ చప్పట్లలో లేదని కోడలికి ఒక్క క్షణం అనిపించింది. అన్నం వేళ కదా, ఆకలి కాబోలు అనుకుంది.

రోబోతో వచ్చిన టెక్నీషియను పద్ధతి వివరించాడు. దాని చెయ్యి పట్టుకుని గన్ను మొనను జాయింటు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించాలి, మధ్యమధ్య మీట నొక్కాలి. అప్పుడు మంట రాదు. చూపించిన దారి అది గుర్తుపెట్టుకుని, తరవాత తనే వెల్డు చేస్తుంది. "చంటిపిల్లకి వేలు పట్టుకుని నడక నేర్పినట్టే సార్."

మామగారు రోబో చెయ్యి పట్టుకుని వంగారు. పక్కనే నిలబడ్డ ఫిట్టరు బాబాయ్ దగ్గాడు. మామగారి చెయ్యి కాస్త కుడికి జరిగింది. బాబాయ్ మళ్ళీ దగ్గాడు, ఈసారి రెండుసార్లు. ఆ దగ్గు కోడలు రోజూ విన్నదే. పొగ పడక దగ్గుతున్నాడని జాలిపడి, యజమాని దగ్గర రోబో కోసం వాదించేటప్పుడు దాన్ని కూడా ఒక కారణంగా చెప్పింది.

"పాపం, బాబాయ్‌కి మంచినీళ్ళివ్వండ్రా," అన్నాడు యజమాని.

"నాకు నీళ్ళొద్దు సార్!"

"మొహమాటమెందుకు? తీసుకెళ్ళండి, తీసుకెళ్ళి కూర్చోబెట్టండి!"

యజమాని వెంట వచ్చిన ఇద్దరు గుమాస్తాలు బాబాయ్‌ని చెరో రెక్కా పట్టుకుని కుండ దగ్గరికి లాక్కెళ్ళారు. బాబాయ్ వెనక్కి తిరిగి దగ్గుతూనే ఉన్నాడు, అంత దూరం నుంచి ఆ దగ్గు ఏమీ చెప్పలేకపోయింది. మామగారు ఒక్క క్షణం ఆగారు. ఆ తరవాత రోబో చేతిని ఆ కొస దాకా, నెమ్మదిగా, ఎక్కడా వణక్కుండా నడిపించి వదిలారు.

మీట నొక్కారు. నీలం వెలుగు లేచింది. రోబో చెయ్యి మామగారు కదిలినట్టే కదిలింది, ఆయన ఆగినచోట ఆగింది, ఆయన తిప్పినట్టే మణికట్టు తిప్పింది. వెలుగు ఆరాక అందరూ వంగి చూశారు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకున్న, నిగనిగలాడే అతుకు. అంత అందమైన అతుకును ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. అది జాయింటుకు వేలెడు దూరంలో, వట్టి రేకు మీద పడింది. దేన్నీ దేనితోనూ అతకలేదు.

"మిషనులోనే తేడా ఉంది," అన్నాడు బక్కాయన ఉన్నట్టుండి.

"కరెంటు హెచ్చుతగ్గులు," అన్నాడు ఆకాశవాణి.

"పొద్దున లారీలో కుదుపులకి మెడ విరిగుంటుంది," అన్నాడింకొకడు.

"అలా జరగదండీ," అన్నాడు టెక్నీషియను. "ఎలా చూపిస్తే అలాగే..." షెడ్డు షెడ్డంతా అతని వైపు చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

"అవునవును, ఇది పనికొచ్చేలా లేదు. తిప్పి పంపించేద్దాం," అన్నాడు యజమాని కంగారుగా. ఆయనకూ అర్థమైంది.

కోడలికీ అర్థమైంది, అందరికంటే ఆలస్యంగా. తను అంతగా కోరి తెప్పించుకున్న రోబో వైపు చూసింది. "అవును సార్. రోబోదే తప్పు," అంది.

"ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు మామగారు.

"బాగా వచ్చింది మావయ్యా."

ఆయన వేడి తగ్గేదాకా ఆగారు. అప్పుడు వేలితో తడిమారు. వేలు అతుకు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళింది. వెనక్కి వస్తూ పక్కకు జరిగి, అతుకు పడని సందులో దిగి ఆగింది.

"బాగానే వచ్చింది. చోటే తప్పింది," అన్నారాయన. "దాన్ని తిట్టకండ్రా. నేను చూపించిందే చేసింది. నాకే కనబడ్డం లేదు."

ఆ మాట పనివాళ్ళెవరినీ ఆశ్చర్యపరచలేదు. ఫిట్టరు బాబాయ్‌కి తెలుసు. ఒక దగ్గు కుడికి, రెండు దగ్గులు ఎడమకు. బక్కాయనకు తెలుసు. గన్ను ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దాయన వెతుక్కోవడం పైనుంచి రోజూ చూసిన ఆకాశవాణికి అందరికంటే ముందే తెలుసు. నోట్లో నువ్వుగింజ నానని ఆ మనిషి ఈ ఒక్క సంగతినీ ఎప్పుడూ కిందికి వెయ్యలేదు. పొద్దున మాస్కు గోడ మీద కనబడగానే ఎవరూ ఎవర్నీ ఏమీ అడక్కపోవడానికి కారణం అదే. షెడ్డులో అప్పటిదాకా తెలియనిది యజమానికి, ఆమెకు మాత్రమే.

మామగారు మాస్కును ఆమె వైపు చాచారు. "ఇంటి మనిషే తగిలించాలమ్మా."

"నా వల్ల కాదు మావయ్యా."

"పొద్దున నీ వల్లే అయిందిగా," అన్నారాయన, మెత్తగా.

ఆమె తీసుకుంది. పొద్దున అద్దం తుడిచి గిరగిరా తిప్పుతూ తీసుకెళ్ళిన మాస్కు ఇప్పుడు రెండు చేతులకూ బరువైంది. గళ్ళ గుడ్డ మీద పాత చెమట మరకలున్నాయి. కొక్కేనికి తగిలించి, గోడవైపు తిప్పింది. వెనకాల అందరూ చేతి తొడుగులు తీసేసిన చప్పుడు వినబడింది.

"మరి దీనికి ఎవరు నేర్పుతారు?" అన్నాడు యజమాని.

"ఫిట్టరు. జాయింటు ఎక్కడుందో నాకు ఇన్నాళ్ళూ వాడేగా చెప్పాడు. దానికీ చెప్తాడు."

"దానికి నా దగ్గు అర్థం కాదన్నా," అన్నాడు బాబాయ్. అని, పొగ లేని చోట, కళ్ళు నులుముకున్నాడు.

కేకు ఎవరూ కొయ్యలేదు.

సాయంత్రం లారీ మీద కుర్చీ ఇంటికొచ్చింది. గుమ్మంలో పట్టలేదు, అటు తిప్పినా ఇటు తిప్పినా పట్టలేదు. చివరికి వాకిట్లోనే దించి, లారీవాళ్ళు నడుములు పట్టుకుని వెళ్ళిపోయారు. మామగారు అందులో వాలి కూర్చున్నారు. బాబాయ్ గట్టు మీద చేరాడు. వీధిన పోయేవాళ్ళంతా కుర్చీ వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి పోతున్నారు.

కోడలు వంటింట్లో అత్తగారి పక్కన నిలబడింది. "మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలీకపోవడమేంటే పిచ్చిదానా? వచ్చిన కొత్తలో నువ్వు ముచ్చటపడి హాల్లో కుర్చీలన్నీ అటూ ఇటూ మార్చావు చూడు, ఎందుకంత గయ్యిమన్నాననుకున్నావు? ఆయన వెళ్ళి ఆ స్టూలుకి గుద్దుకున్నారు."

"డాక్టరుకి చూపించలేదా?"

"ఎన్నిసార్లు మొత్తుకున్నానో. డాక్టరు దగ్గరికెళ్తే ముందు పని మానమంటాడని ఆయన భయం."

ఆమె వాకిట్లోకి వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. భర్త వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నాదీ పూచీ అని తను ఇచ్చిన మాట అతనికి గుర్తుందో లేదో ఆమెకు తెలియలేదు. "మావయ్యా," అంది చివరికి. "రోబోకి నేర్పేటప్పుడు మంట ఉండదు కదా. మీరు వేలితో తడుముకుంటూ చూపించొచ్చు. నేను పక్కనుంటాను. మీ చెయ్యి అంత బాగుంది..."

ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు. "తడుముకుంటూ చెయ్యడం చాలాకాలంగా చేస్తూనే ఉన్నానమ్మా. బాగా అలిసిపోయాను. ఇక చాలు."

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి, ఇంజనీరు గొంతుతో అంది: "అయితే రేపు పొద్దున్నే కంటి ఆసుపత్రికి వెళ్తున్నాం."

అందరూ ఆయన వైపు చూశారు. "వెళ్దాం. ఇంక ఏం మానమంటాడని భయపడాలి?" అన్నారాయన.

"నేనూ వస్తా," అన్నాడు బాబాయ్ గట్టు మీంచి. "అక్షరాలు చదవమంటారట కదా. అన్న ఒక్కడూ ఎలా..."

"నువ్వు బయట కూర్చోవాలి బాబాయ్," అంది కోడలు.

"లోపలికి రానివ్వరా?"

"నేను రానివ్వను."

మామగారు ఆ రోజు రెండోసారి నవ్వారు. ఆమె యజమానికి ఫోను చేసి, రేపు తనూ ఫిట్టరు బాబాయ్ కూడా రావడం లేదని చెప్పింది.

"అలాగే, వెళ్ళిరండమ్మా. మంచి పని," అన్నాడు యజమాని. తరవాత గుర్తొచ్చి, "మరి రోబో?" అన్నాడు.

మనుషుల అవసరం తగ్గించడానికి కొన్న రోబోకు, మనుషులు లేక, మర్నాడు సెలవిచ్చారు.